గ్రహాంతర జీవిని మలచడం – మూడో పాఠం: కాలి కీళ్ళు, వీపు డిప్ప

గత పాఠం ముగిసేసరికి మన దగ్గర కార్కు బిరడాకు గుచ్చిన రాగి తీగ గూడు ఒకటి సిద్ధంగా ఉంది. నడుముకు రెండు తీగలు పెనవేశాం, ఆరు కాళ్ళు బయటికి చాచాం, మెడ కోసం ఒక కొస వదిలాం. ఈ పాఠంలో ఆ గూటికి కాళ్ళూ వీపూ వస్తాయి. బొమ్మ మలిచే ముద్దను, అంటే పుట్టీని, ముట్టుకునే ముందు మాత్రం ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి: ఈ ప్రాణి బరువు ఏ కాళ్ళ మీద పడుతోంది?

ఈ ప్రశ్న ఎందుకో చెబుతాను. బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే మన యుద్ధక్రీడలో దీని ఎదుట నిలబడే సైనికుడి బొమ్మ పాదం నుంచి కంటి వరకు 28 మిల్లీమీటర్లు ఉంటుంది. మన ప్రాణి ఒంటి పొడవు 35 మిల్లీమీటర్లు. సైనికుడి కంటి ఎత్తు 1.6 మీటర్లనుకుంటే, మనం మలుస్తున్నది రెండు మీటర్ల జంతువు, అంటే ఇంచుమించు గేదె అంత. గేదె అంత ప్రాణి నేల మీద ఎలా నిలబడుతుందో బొమ్మలో కనబడకపోతే, దానికి ఎన్ని కోరలు పెట్టినా, ఎన్ని ముళ్ళు గుచ్చినా చూసేవారికి నమ్మకం కుదరదు. నా మొదటి ప్రాణికి ఆరు కాళ్ళనూ ఒకే కోణంలో వంచాను. పెంకు మీద నెల రోజులు పనిచేశాను, అయినా అది బల్ల మీద పెట్టిన పీటలాగే నిలబడింది తప్ప ప్రాణిలా అడుగు వేయలేదు. మూడు కాళ్ళు బరువు మోస్తూ ఉండాలి, రెండు నేలను వెతుక్కుంటూ ఉండాలి, ఒకటి గాలిలో ఉండాలి. తీగను ఇప్పుడే, ముక్కు ప్లయర్‌తో, అలా సరిచేసుకోండి.

కీళ్ళ విషయంలో మన విశాఖ వాళ్ళకు గురువు దగ్గరలోనే ఉన్నాడు. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళి ఒక పెద్ద పీతను కొనండి. కూర వండుకునే ముందు ఒక కాలు విరిచి పక్కన పెట్టుకుని, ఒక్కొక్క కీలునూ వేళ్ళతో ఆడించి చూడండి. ఏ కీలు అయినా తలుపు బందులా ఒకే దిశలో మడుస్తుంది, కానీ పక్కపక్కనున్న కీళ్ళ దిశలు వేరు వేరు, అందుకే మొత్తం కాలు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. కీలు దగ్గర గట్టి పెంకు ఆగిపోయి, లోపల మెత్తటి పొర కనబడుతుంది. కాలు మడిచినప్పుడు ఆ పొర ఒక వైపు ముడతలు పడుతుంది, మరో వైపు సాగి నున్నగా అవుతుంది. ఈ ముడత, ఈ సాగుడు, ఈ రెండూ బొమ్మలో పడితే కాలు బతికినట్టే. రుషికొండ ఇసుకలో బొరియలు తవ్వే తెల్లటి ఇసుక పీతల పరుగు కూడా కాసేపు చూడండి. అవి కాళ్ళ మొనల మీదే పరిగెడతాయి, పాదం అనేదే మోపవు.

అయితే పీత నుంచి కీళ్ళను తీసుకోండి గాని, కాలి మందాన్ని తీసుకోకండి. పది సెంటీమీటర్ల పీతను ఇరవై రెట్లు పెంచితే రెండు మీటర్లవుతుంది, కానీ బరువు ఇరవై ఘనం చొప్పున 8,000 రెట్లు పెరుగుతుంది, దాన్ని మోసే కాలి అడ్డకోత మాత్రం ఇరవై వర్గం చొప్పున 400 రెట్లే పెరుగుతుంది. పైగా పీత బరువులో చాలా భాగాన్ని సముద్రమే మోస్తుంది. కాబట్టి మన ప్రాణి కాలు మొదలు దగ్గర గేదె కాలిలా దిట్టంగా ఉండి, కింది రెండు ఖండాల్లో మాత్రమే సన్నబడాలి. ఆటలో పదిమంది చేతుల్లో నలిగే బొమ్మకు దిట్టమైన కాళ్ళు ఎలాగూ మేలు.

ఇక పుట్టీ. నీలం, పసుపు పట్టీలుగా వచ్చే, రెండూ కలిపితే గట్టిపడే ఎపాక్సీ పుట్టీలో రెండు రంగులూ తాకే మధ్య గీత అప్పటికే కొంత గట్టిపడి ఉంటుంది. దాన్ని బ్లేడుతో కోసి పారేయండి, లేకపోతే నలకలు మిగిలి నున్నని చోట గడ్డలు తేలతాయి. సమానంగా తీసుకుని, చారలు పోయి ఒకే ఆకుపచ్చ వచ్చేవరకు పిసకండి. పసుపు కాస్త ఎక్కువైతే మెత్తగా, జిగటగా ఉంటుంది, పొరల ముడతలకు అది నయం. నీలం ఎక్కువైతే గట్టిదనం వస్తుంది. గట్టిపడని ఎపాక్సీ కొందరి చర్మానికి పడదు, ఒకసారి పడకపోవడం మొదలైతే మళ్ళీ మళ్ళీ బాధిస్తుంది కనుక నైట్రైల్ చేతి తొడుగులు వేసుకోవడం మానకండి.

వేడికి ఈ పుట్టీ త్వరగా బిగుస్తుంది. ఒక మే నెల మధ్యాహ్నం ఆరు కాళ్ళకూ సరిపడా ఒకేసారి కలిపాను, నాలుగో కాలికి చేరేసరికి అది దబ్బనానికి లొంగడం మానేసింది. విశాఖ వేసవిలో తెల్లవారి గాని, రాత్రి గాని పనిచేయడం, ఒకసారికి రెండు కాళ్ళకు మించి కలపకపోవడం మంచిది. మిగిలిన పట్టీని గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేవరకు మూత తీయకండి, లేకపోతే మన సముద్రపు గాలిలోని తేమ దాని మీద చెమ్మగా చేరుతుంది.

వట్టి తీగ మీద పుట్టీ నిలవదు, గిర్రున తిరిగిపోతుంది. అందుకని ముందు తీగకు పుట్టీతోనే పలుచటి పూత పూసి, రాత్రంతా ఆరనివ్వండి. మరునాడు కందిగింజంత ఉండలు చేసి, ఒక్కొక్క ఖండానికి ఒక్కొక్కటి అద్ది, కాలి మూల ఆకారం తెచ్చుకోండి. అది కూడా గట్టిపడ్డాక కీళ్ళ దగ్గర పొర వేయండి. మడత లోపలి వైపు తడి దబ్బనంతో మూడు నాలుగు ముడతలు నొక్కండి, బయటి వైపు నున్నగా లాగండి. పొర ఆరాకే దాని అంచు మీదికి వచ్చేలా పెంకు ఖండాలు. లోపలిది ముందు, పైది తర్వాత అనే ఈ వరుస తప్పితే కీలు లోతుగా కనబడదు, గీసిన గీతలా ఉంటుంది.

పెంకుకు ఆకుపచ్చ పుట్టీ ఒక్కటే చాలదు. అది ఆరాక కూడా రబ్బరులా సాగే గుణం పోనందున ఆకురాయికి సరిగా లొంగదు. మిల్లీపుట్ అనే మరో ఎపాక్సీ పుట్టీని దానికి సమానంగా కలిపితే అంచులు పదునుగా నిలుస్తాయి, వాటర్ పేపర్ అనే గరుకు కాగితంతో, నీళ్ళతో తడుపుతూ రుద్దుకోవచ్చు. పొడిగా రుద్దితే లేచే దుమ్ము పీల్చకూడదు. వీపు డిప్పకు శనగగింజంత ముద్దను తడి పలక మీద అదిమి, వీపు మీద పరచి, అంచును కాళ్ళ మొదళ్ళ మీదికి చూరులా దించండి. గోరు నొక్కితే గుర్తు పడాలి గాని వేలికి అంటకూడదు, ఆ దశలో అంచును బ్లేడుతో కోయండి. పొక్కులు, గుల్లలు అంచుల వెంబడి మాత్రమే గుచ్చి, నడిమి భాగాన్ని నున్నగా వదిలేయమని నా సలహా. అంతటా పొక్కులు పెడితే కంటికి నిలిచే చోటు ఉండదు, మరీ సన్నని గీతలైతే రంగుకు ముందు వేసే ప్రైమర్ పూతలోనే పూడిపోతాయి.

ఈ బొమ్మను అచ్చు తీయాలనుకునేవారు చూరు కింద ఖాళీని పుట్టీతో నింపేయండి. రెండు ముక్కల రబ్బరు అచ్చులో అలాంటి బోలు చోట్ల రబ్బరు ఇరుక్కుని చిరుగుతుంది. ఒకే ఒక్క బొమ్మ చాలనుకునేవారికి ఈ బాధ లేదు.

డిప్ప వేశాక 24 గంటలు ముట్టుకోకండి. వచ్చే పాఠంలో నోరు, కళ్ళు. గుండ్రటి తల ఉన్న గుండుసూదులు నాలుగు, అర మిల్లీమీటరు ఇత్తడి తీగ ఒక జానెడు సిద్ధం చేసుకోండి.