చెరువులో పడ్డ తండా గుర్తును సరిచేసిన తీరు

ఎవరైనా సవరించగల ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో, దేవరకొండ వైపు ఒక తండా గుర్తు కిలోమీటరు అవతల, చెరువు నీళ్లలో కనిపించింది. అక్షాంశ రేఖాంశాలను రెండు దశాంశాలకే కుదించి ఎక్కించారు. 0.01 డిగ్రీ అక్షాంశమంటే సుమారు 1.1 కిలోమీటర్లు, ఐదు దశాంశాలుంటే తేడా సుమారు మీటరే.

గుర్తును చెరిపి కొత్తది పెట్టవద్దు, మార్పుల చరిత్ర తెగిపోతుంది. ఆ పటాన్ని బ్రౌజర్‌లోనే సవరించే ఐడీ (iD) ఎడిటర్‌లో దాన్నే ఇళ్ల నడుమకు జరిపాను. అంతకుముందే ఉపగ్రహ చిత్రం పక్కకు జరిగి ఉందేమో చూసుకోవాలి: కీబోర్డు మీద 'బీ' (B) నొక్కి బ్యాక్‌గ్రౌండ్ పలక తెరిచి, జనం తిరిగిన దారుల జీపీఎస్ జాడలు రోడ్డు మీద కూర్చునేదాకా చిత్రాన్ని సర్దాలి. ఇది మరిస్తే గీసే ప్రతి ఇల్లూ తప్పే.

తెలుగు పేరు 'నేమ్:టీఈ' (name:te) అనే ట్యాగ్‌లో, అంటే తెలుగు పేరుకని ఉన్న గడిలో రాయాలి. గూగుల్ మ్యాప్స్ చూసి పేర్లు ఎక్కించకూడదు, లైసెన్సు ఒప్పుకోదు. తండాకు పోయి బోర్డు చూడండి, పెద్దమనుషులను అడగండి.