సీటీఓ పోస్టు ఎందుకు నిండదు? ప్రభుత్వ రంగ సంస్థలకు సమస్య - పరిష్కారం

ప్రభుత్వ రంగ బ్యాంకులోనో, రాష్ట్ర ప్రభుత్వ కార్పొరేషన్‌లోనో చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ (సీటీఓ), చీఫ్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఆఫీసర్ వంటి పోస్టు ఏడాది పాటు ఖాళీగా ఉంటే ఆ నష్టం పర్సనల్ విభాగపు ఫైళ్లతో ఆగిపోదు. ఒకటో తారీఖున సర్వర్ మొరాయించి పింఛను జమ కాని వృద్ధురాలూ, ధాన్యం అమ్మి డబ్బు కోసం బ్యాంకు చుట్టూ తిరిగే రైతూ ఆ ఖాళీ కుర్చీ ఫలితాన్ని అనుభవిస్తారు. అందుకే ఈ నియామకాలను నేను మామూలు భర్తీ వ్యవహారంగా చూడలేను.

ఇటువంటి ఎంపిక కమిటీలకు కార్యదర్శిగా చాలా ఏళ్లు పనిచేశాను. దరఖాస్తులు సరైనవి రాకపోవడం, ఎంపికైనవారు చేరకపోవడం, చేరినవారు నిలవకపోవడం పైకి మూడు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి. మూలం మాత్రం చాలాసార్లు ఒకటే. వచ్చే మనిషి ఏయే నిర్ణయాలు సొంతంగా తీసుకోవచ్చో సంస్థ తేల్చుకోకుండానే నోటిఫికేషన్ ఇచ్చేస్తుంది. కింద చెప్పే సమస్యల్లో దేన్ని సరిచేసినా ఈ మూలాన్ని వదిలేస్తే లోపం మరో చోట తేలుతుంది.

సమస్య 1: దరఖాస్తులు గుట్టలుగా వస్తాయి, పనికొచ్చేవి ఉండవు

ప్రభుత్వం పిలిస్తే నిపుణులు రారన్న మాట నిజం కాదు. 2018 జూన్‌లో కేంద్రం సంయుక్త కార్యదర్శి స్థాయిలో 10 పోస్టులకు బయటివారిని ఆహ్వానిస్తే ఆరు వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2019 ఏప్రిల్‌లో 9 మంది ఎంపికయ్యారు.

కారణం ఎక్కువగా అర్హతల పేరాలో ఉంటుంది. పదేళ్ల కిందటి నోటిఫికేషన్ నుంచి ఎత్తి రాసిన ఆ పేరాలో ప్రథమ శ్రేణి బీటెక్, యాభై లోపు వయసు, సమాన వేతన స్కేలులో మూడేళ్ల అనుభవం వంటి షరతులు ఉంటాయి. ఒకసారి పరిశీలన పట్టికలో నేను చూసిన వరుస ఇప్పటికీ గుర్తుంది. పంతొమ్మిదేళ్లు చెల్లింపుల వ్యవస్థలు నడిపిన ఒక దరఖాస్తుదారు పేరుకు ఎదురుగా, తిరస్కరణకు కారణం అన్న గడిలో, "సమాన హోదా ధ్రువపత్రం జతపరచలేదు" అని ఎర్ర ఇంకుతో రాసి ఉంది. ఆయన పనిచేసిన ప్రైవేటు కంపెనీలో వేతన స్కేళ్లే లేవు. లేని స్కేలుకు సమానమని ధ్రువపత్రం ఎవరివ్వగలరు? ఆ కింది వరుసలోనే, ఆరుగురికి మించిన జట్టును ఎన్నడూ నడపని వ్యక్తి, కాగితాలన్నీ జతపరచినందువల్ల అర్హుల జాబితాకు ఎక్కారు. గుమస్తా తప్పేమీ లేదు. తనకు ఇచ్చిన షరతులను ఆయన అక్షరాలా పాటించారు.

పరిష్కారం: అర్హతలు రాయడానికి ముందు పనిని ఒక్క పేజీలో రాయాలి. మొదటి 18 నెలల్లో పూర్తి కావలసిన మూడు నాలుగు పనులను పేర్లతో సహా రాయాలి: పాత డేటా సెంటర్‌ను ఖాళీ చేయడం, ప్రధాన కేంద్రం ఆగితే ఆదుకునే రెండో డేటా సెంటర్ నుంచి మూడు నెలలకోసారి వ్యవస్థను నడిపి చూడడం, వెండర్ (సాఫ్ట్‌వేర్ సరఫరాదారు) చేతిలో ఉండిపోయిన సోర్స్ కోడ్‌ను సంస్థ అధీనంలోకి తెచ్చుకోవడం వంటివి. అర్హతలు ఆ పేజీలోంచి పుట్టాలి. వేతన స్కేలుకు బదులుగా నడిపిన జట్టు పరిమాణం, చూసిన బడ్జెట్, రోజుకు ఎన్ని లావాదేవీల వ్యవస్థకు బాధ్యత వహించారన్నది అడగాలి. ధ్రువపత్రాల పరిశీలనను తుది దశకు వాయిదా వేయాలి.

ఇంకో సంగతి ఉంది. ఈ స్థాయి మనుషులు ఉద్యోగ ప్రకటనల కోసం వెతకరు, వారికి ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్పాలి. సెర్చ్ కమిటీ (తగినవారిని వెతికే కమిటీ) పదిహేను ఇరవై మందితో మాట్లాడి దరఖాస్తు చేయమని కోరడంలో అక్రమమేమీ లేదు, అందరూ ఒకే ఫారంలో, ఒకే గడువులోగా, ఒకే పరీక్షకు వచ్చినంత వరకు. ఎవరితో ఎప్పుడు మాట్లాడారో రిజిస్టరులో రాసి ఉంచితే రేపు సమాచార హక్కు కింద ప్రశ్న వచ్చినా తడుముకోనక్కర్లేదు. డల్లాస్ నుంచో, బే ఏరియా నుంచో తిరిగి రావాలనుకునే తెలుగువారితో మాట్లాడేటప్పుడు పౌరసత్వం సంగతి మొదటి ఫోన్‌లోనే అడగాలి. పౌరసత్వ చట్టం సెక్షన్ 7బీ ప్రకారం ఓసీఐ కార్డుదారులకు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి) ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశపు హక్కు వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా మినహాయించిన పోస్టుల్లో తప్ప ప్రభుత్వ కొలువుల్లో వారిని నియమించడానికి వీల్లేదు. మీ పోస్టు ఆ పరిధిలోకి వస్తుందా లేదా అన్నది న్యాయ విభాగం ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఆఖరి ఇంటర్వ్యూ అయ్యాక ఈ విషయం బయటపడితే ఇద్దరికీ బాధే.

సమస్య 2: ఇంటర్వ్యూలో మెప్పించినవారు పనిలో తేలిపోతారు

కారణం: కమిటీలో ఆ పని చేసినవారు ఒక్కరూ ఉండరు. ప్రశ్నలన్నీ కృత్రిమ మేధ భవిష్యత్తు గురించీ, డిజిటల్ ఇండియా గురించీ సాగుతాయి. చక్కగా మాట్లాడగలిగినవారికి మార్కులు పడతాయి. అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలోనూ ఇదే లోపం కనిపించింది. అక్కడ దరఖాస్తుదారులు తమకు తామే ఇచ్చుకున్న రేటింగ్‌ను బట్టి వడపోత జరిగేది. 2019లో యూఎస్ డిజిటల్ సర్వీస్ అనే ప్రభుత్వ సాంకేతిక బృందం, అక్కడి సిబ్బంది వ్యవహారాల కార్యాలయం కలిసి, ఆ రంగంలో పనిచేసే నిపుణులే వడపోత చేసే పద్ధతిని ప్రయోగించి చూశాయి.

పరిష్కారం: కనీసం ఇద్దరు బయటి నిపుణులను కమిటీలో చేర్చాలి. బ్యాంకులకు ఇందులో ఒక సౌలభ్యం ఉంది. రిజర్వు బ్యాంకు 2023 నవంబరు 7న జారీ చేసి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన ఐటీ పాలన ఆదేశాల ప్రకారం బోర్డు ఐటీ వ్యూహ కమిటీకి ఐటీలో గట్టి అనుభవమున్న స్వతంత్ర డైరెక్టరే అధ్యక్షత వహించాలి, ఆ అనుభవం కనీసం ఏడేళ్లు ఉండాలి. అంతటి వ్యక్తి బోర్డులోనే ఉండగా ఇంటర్వ్యూ బల్ల దగ్గర కూర్చోబెట్టకపోవడం నాకు అర్థం కాని విషయం.

ప్రశ్నల స్థానంలో ఒక నిజమైన ఘటనను పెట్టాలి. నెలాఖరు రాత్రి కోర్ బ్యాంకింగ్ వ్యవస్థ ఆగిపోయింది, తప్పు నెట్‌వర్క్‌దని వెండర్ అంటున్నాడు, నెట్‌వర్క్ విభాగం డేటాబేస్‌దంటోంది, ఉదయం ఎనిమిదింటికి శాఖలు తెరుచుకోవాలి. మొదటి గంటలో ఎవరిని పిలుస్తారు, ఏం ఆపుతారు, ఖాతాదారులకు ఏం చెబుతారు? అభ్యర్థులందరికీ ఇదే ఘటన, ఇంతే సమయం. సభ్యులు తమలో తాము మాట్లాడుకోకముందే మార్కులు రాసి కవరులో పెట్టాలి. లేకపోతే ఛైర్మన్ తల ఊపిన వైపే అందరి మార్కులూ వెళతాయి.

సమస్య 3: ఆఫర్ లెటర్ తీసుకుంటారు, చేరరు

అందరూ జీతమే కారణమంటారు. జీతంలో తేడా ఉన్న మాట నిజమే. 2017 వేతన సవరణ ప్రకారం కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల షెడ్యూల్ ఏ (అత్యున్నత శ్రేణి సంస్థల) డైరెక్టర్ మూల వేతన శ్రేణి నెలకు 1,80,000 నుంచి 3,40,000 రూపాయలు, పెద్ద ప్రైవేటు సంస్థలో అదే అనుభవానికి షేర్లతో కలిపి వచ్చేది ఇంతకు ఎన్నో రెట్లు. అయినా కొందరు వస్తారు. రెడ్‌బస్ స్థాపకుల్లో ఒకరైన ఫణీంద్ర సామ 2017లో తెలంగాణకు మొదటి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా వచ్చింది జీతం చూసేనని ఎవరూ అనుకోరు. కాంట్రాక్టు పద్ధతిలో మార్కెట్‌కు దగ్గరగా ఇచ్చే వెసులుబాటు కూడా చాలా సంస్థలకు ఉంది.

నేను చూసిన అసలు కారణం కాలహరణం, దానితో వచ్చే అనిశ్చితి. ఒక సంస్థలో ఎంపికైన ఆమెకు ఫలితం చెప్పిన తర్వాత జీతం ఫైలు ఆర్థిక విభాగానికి వెళ్లి, ప్రశ్నలతో తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లి, నాలుగున్నర నెలలు తిరిగింది. ఆ నాలుగున్నర నెలల్లో ఆమెకు మా నుంచి వెళ్లిన ఉత్తరాలు రెండే, రెండింటిలోనూ "మీ విషయం పరిశీలనలో ఉంది" అన్న వాక్యమే. ఆఫర్ వెళ్లాక ఆమె ఫోన్ చేసి మర్యాదగానే చెప్పారు: "నా ఒక్క ఫైలుకే ఇంత కాలం పడితే, రేపు నేను పంపే ఫైళ్లకు ఎంత పడుతుందండీ?" నా దగ్గర జవాబు లేదు.

పరిష్కారం: జీతం శ్రేణికి ఆర్థిక విభాగం సమ్మతి నోటిఫికేషన్‌కు ముందే తీసుకోవాలి. ఆ శ్రేణిని నోటిఫికేషన్‌లో అచ్చు వేయాలి. ఐటీ రంగంలో నోటీసు పీరియడ్ సాధారణంగా మూడు నెలలుంటుంది కాబట్టి పూర్వాపరాల విచారణ, వైద్య పరీక్ష ఆ కాలంలోనే సమాంతరంగా సాగాలి. ఎంపికైనవారితో వారానికోసారి ఫోన్‌లో మాట్లాడే బాధ్యతను పేరు పెట్టి ఒక అధికారికి అప్పగించాలి. కాంట్రాక్టు గడువు మూడేళ్లకు తక్కువ ఉండకూడదు, ఏడాది కాంట్రాక్టుకు పిల్లల బడి మార్చుకొని హైదరాబాద్ నుంచి విజయవాడకు ఎవరూ రారు.

సమస్య 4: చేరినవారు ఏడాది తిరగకుండా రాజీనామా చేస్తారు

అన్నింటికంటే ఖరీదైన సమస్య ఇదే. సంస్థలో పద్ధతిగా రాసుకునే కారణం "వ్యక్తిగత కారణాలు". అసలు కారణాలు నాకు తెలిసి మూడు, అవి ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి.

మొదటిది, పెద్ద పేరున్న పోస్టుకు చిన్న అధికారం. ఐదు లక్షల రూపాయల లైసెన్సు పునరుద్ధరణకు కూడా నలుగురి సంతకాలు కావాలంటే వ్యవస్థల బాధ్యత ఆయనది, తాళం చెవి ఇంకొకరిది అవుతుంది. రెండోది, ఎవరికి జవాబుదారీ అన్న గందరగోళం. సమాచార భద్రత అధికారిని ఐటీ విభాగాధిపతి కింద పెట్టడం పాత అలవాటు. ఐటీ విభాగాధిపతి తప్పులను ఆయన కింది ఉద్యోగే పైకి నివేదించాలని ఆశించడమే పొరపాటు. రిజర్వు బ్యాంకు 2023 ఆదేశాలు ఆ అధికారికి ఐటీ విభాగాధిపతితో నేరుగా రిపోర్టింగ్ సంబంధం ఉండకూడదనీ, వ్యాపార లక్ష్యాలు అప్పగించకూడదనీ, జనరల్ మేనేజర్ హోదాలో ఉంటే మేలనీ స్పష్టంగా చెబుతున్నాయి. బ్యాంకులు కాని సంస్థలు కూడా ఇదే పాటించాలని నా అభిప్రాయం.

మూడోది భయం. విజిలెన్స్, కాగ్, సీబీఐ అన్న మూడు మాటలు ప్రైవేటు రంగం నుంచి వచ్చిన మనిషికి మొదటి నెలలోనే వినిపిస్తాయి. ఆయన మంచి సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుంటారు, ఎందుకు ఎంచుకున్నారో నోట్ ఫైలులో రాయరు. అలా రాయాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తొమ్మిది నెలలకు ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ఎల్1ను (అతి తక్కువ ధర చెప్పిన టెండరుదారును) ఎందుకు కాదన్నారని అడిగితే జ్ఞాపకం మీద చెప్పవలసి వస్తుంది. అవినీతి నిరోధక చట్టంలో, ప్రజాప్రయోజనం లేకుండా ఎవరికైనా లబ్ధి చేకూర్చడాన్నే నేరంగా పరిగణించిన 13(1)(డి) నిబంధనను 2018 సవరణలో తొలగించారన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

పరిష్కారం ఆధార్ చరిత్రలో కనిపిస్తుంది. 2009లో ఇన్ఫోసిస్ స్థాపకుల్లో ఒకరైన నందన్ నీలేకని, ఆధార్ జారీ చేసే యూఐడీఏఐకి అధ్యక్షుడిగా వచ్చినప్పుడు కేబినెట్ మంత్రి హోదా ఇచ్చారు. అధికారం ఎక్కడుందో స్పష్టమయ్యాకే బెంగళూరు సాంకేతిక కేంద్రంలో జట్టు కూడింది. ఆయన బాధ్యతలు చేపట్టిన 14 నెలలకు, 2010 సెప్టెంబరు 29న, మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ సంఖ్యలు అందాయి. ప్రతి సంస్థా మంత్రి హోదా ఇవ్వలేదు, ఇవ్వనక్కర్లేదు. నోటిఫికేషన్‌కు ముందే బోర్డు ఒక తీర్మానం చేస్తే చాలు. ఎంత మొత్తం వరకు సొంత సంతకంతో ఖర్చు చేయవచ్చు, సొంతంగా ఎంతమందిని జట్టులోకి తెచ్చుకోవచ్చు, మేనేజింగ్ డైరెక్టర్‌కు నేరుగా జవాబుదారీయా కాదా అన్నవి అందులో అంకెలతో ఉండాలి. ఆ తీర్మానం ప్రతిని ఆఖరి ఇంటర్వ్యూకు ముందు అభ్యర్థుల చేతిలో పెట్టాలి. కొనుగోళ్లలో కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు ఆదేశాలను వాడుకోవాలి. నాణ్యత కీలకమని ముందుగా ప్రకటించిన పనుల్లో, కన్సల్టెన్సీయేతర సేవల్లో నాణ్యతకు 30 శాతం దాకా మార్కులు ఇవ్వడానికి అవి వీలు కల్పించాయి. రాష్ట్ర సంస్థలు తమ నిబంధనల్లో అటువంటి వీలు ఉందో లేదో చూసుకోవాలి. ఇక కొత్తవారి పక్కన నోట్ రాయడంలో చెయ్యి తిరిగిన సీనియర్ అధికారిని మొదటి ఏడాదంతా ఉంచాలి. నేను చూసినంతలో కొత్తవారిని నిలబెట్టింది ఎక్కువగా ఈ ఏర్పాటే.

సమస్య 5: లోపలివారు ఒప్పుకోరు, లేదా నోటిఫికేషనే రద్దవుతుంది

ఇరవై ఐదేళ్లు పనిచేసి ఆ కుర్చీకి చేరువైన అధికారి నొచ్చుకోవడం సహజం. పోస్టును లోపలివారికీ తెరిచి, అదే పరీక్ష పెట్టాలి. లోపలివారికి సత్తా లేదనుకోవడం తప్పు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ల శాఖను కంప్యూటరీకరించిన కార్డ్ పథకం వెనుక ఉన్న జె.సత్యనారాయణ ఐఏఎస్ అధికారే, 2016లో యూఐడీఏఐ అధ్యక్షుడయ్యారు.

రిజర్వేషన్ల ప్రశ్నను చివరికి వదలకూడదు. 2024 ఆగస్టు 17న యూపీఎస్‌సీ ఇచ్చిన 45 పోస్టుల లేటరల్ ఎంట్రీ (బయటి నిపుణులను నేరుగా తీసుకునే పద్ధతి) ప్రకటనను, రిజర్వేషన్లు లేవన్న అభ్యంతరాల మధ్య, కేంద్రం ఆగస్టు 20నే వెనక్కి తీసుకోమని కోరింది. కేడర్‌లో ఒకే పోస్టు ఉంటే రిజర్వేషన్ వర్తించదని చండీగఢ్ పీజీఐ (వైద్య విద్యా సంస్థ) కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1998లో చెప్పింది. కానీ ఐదారు పోస్టులను కలిపి ఒకే ప్రకటన ఇస్తూ వాటిని విడివిడి పోస్టులుగా చూపించడం న్యాయమూ కాదు, కోర్టులో నిలవకపోవచ్చు కూడా. పోస్టులు అనేకమైతే రోస్టర్ (రిజర్వేషన్ల క్రమ పట్టిక) పాటించి, రిజర్వుడు వర్గాల నిపుణులను సెర్చ్ కమిటీ పట్టుదలగా వెతకాలి.

సమస్య 6: మూడో నోటిఫికేషన్ కూడా విఫలమైంది

నాలుగోది ఇవ్వకండి. కుర్చీ ఖాళీగా ఉన్నంత కాలం పని ఆగదు, వెండరే నడుపుతుంటాడు, తన ఒప్పందాన్ని తానే పొడిగించుకునే స్థితికి వస్తాడు. ముందు మరో ప్రభుత్వ రంగ సంస్థ నుంచి ఏడాదికి ఒకరిని డెప్యుటేషన్‌పై తెచ్చుకోవాలి. ఆయనకు మొదటి పనిగా సోర్స్ కోడ్, పాస్‌వర్డ్‌లు, లైసెన్సుల జాబితాను సంస్థ పేరు మీదికి మార్చడం అప్పగించాలి. గత మూడు విడతల్లో కాదన్నవారికీ, వదిలి వెళ్లినవారికీ కమిటీ సభ్యుడొకరు స్వయంగా ఫోన్ చేసి ఎందుకో అడిగి, వారి మాటల్లోనే రాసుకొని బోర్డు ముందు పెట్టాలి. ఆ కాగితం మీద బోర్డు చర్చించి, అధికారాల తీర్మానం మీద సంతకాలు చేశాకే కొత్త నోటిఫికేషన్ తేదీ నిర్ణయించాలి.