ధారావాహిక పాఠం – 9: ‘ఫెయిర్’ పక్కన ఏ మాట ఉందో చూడండి

పోయిన పాఠంలో ‘ఫైన్’ చూశాం. జరిమానాకీ, సన్నదనానికీ, ‘నేను బాగున్నాను’ అనడానికీ ఒకే మాట ఎలా వాడతారో తెలుసుకున్నాం. ఇంటిపనిలో ‘ఫైన్ రైస్’ దగ్గర ‘మంచి బియ్యం’ అని రాసినవాళ్లు దాన్ని ‘సన్నబియ్యం’ అని దిద్దుకోండి. మిగతావి సులువే.

ఈసారి మాట ‘ఫెయిర్’. స్పెల్లింగ్ ఎఫ్, ఏ, ఐ, ఆర్. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫారాల మీద ఇంగ్లీషు. ఆ ఫారాల మీదే ఈ మాట ఎక్కువగా ఎదురవుతుంది. డిక్షనరీ తీస్తే న్యాయమైన, ఓ మోస్తరు, తెల్లని, అందమైన, మబ్బులేని అని వరసగా అర్థాలు కనిపిస్తాయి. ఆ వరస బట్టీ పడితే ఉపయోగం ఉండదు. ‘ఫెయిర్’ ఎప్పుడూ పక్కనున్న మాటను బట్టే అర్థం మార్చుకుంటుంది. అందుకే జంటమాటలుగా నేర్చుకుందాం.

అన్నిటికన్నా అవసరమైన జంట వడ్ల దగ్గర ఉంది. వంశధార ఒడ్డున ఊళ్లలో కోతలయ్యాక వడ్లు మండీకి, అంటే ప్రభుత్వం ధాన్యం కొనే చోటికి, వెళ్తాయి. కొనుగోలుకు వచ్చే ధాన్యం ‘ఎఫ్.ఏ.క్యూ.’ ఉండాలంటారు. అంటే ‘ఫెయిర్ యావరేజ్ క్వాలిటీ’. బస్తాలోంచి కాసిన్ని గింజలు తీసి తేమ మీటర్‌లో పోస్తారు. అంకె నూటికి 17 దాటకూడదు. తాలు, మట్టిబెడ్డలు, రంగు మారిన గింజలు కూడా హద్దులోనే ఉండాలి. అక్కడ ఓ తాతకూ, డిగ్రీ చదివే మనవరాలికీ మధ్య ఇలాంటి మాటలు నడుస్తాయనుకోండి:

“ఫెయిర్ అంటే మంచివనే కదమ్మా? మనవి గింజ గింజా ముత్యంలా ఉన్నాయి. మరి పక్కవాళ్ల ధరే మనకీనా?”

“మేలైనవని కాదు తాతా. వాళ్లు పెట్టిన హద్దులో ఉన్నాయని. హద్దులో ఉంటే ఆ రకానికంతా ఒకటే ధర.”

“హద్దులోనే ఉన్నాయి కదా. మరి కట్నీ ఎందుకమ్మా?”

“అది మాత్రం ఫెయిర్ కాదు తాతా.”

తూకంలో క్వింటాకు ఇన్ని కిలోలని తగ్గించి రాసుకోవడమే కట్నీ. ఆ అమ్మాయి మొదట చెప్పిన ‘ఫెయిర్’ ఒక కొలత: మరీ గొప్ప కాదు, తీసిపారేసేదీ కాదు, సరిపోతుంది. చివర అన్న ‘ఫెయిర్’ న్యాయం. క్వాలిటీ పక్కన ఉంటే కొలత. మనుషుల మధ్య లావాదేవీ గురించి అయితే న్యాయం. ఈ తేడా పట్టుబడితే సగం పాఠం అయిపోయినట్టే.

ముందు కొలత సంగతి చూద్దాం. ఇంగ్లీషులో స్థాయిలు చెప్పేటప్పుడు ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్, పూర్ అని దిగుతూ వస్తారు. ‘ఫెయిర్’ ఉండేది ‘గుడ్’కు కింద. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పిల్లాడి రిపోర్టులో ‘హ్యాండ్‌రైటింగ్: ఫెయిర్’ అని ఉంటే టీచరు మెచ్చుకున్నట్టు కాదు. పరవాలేదు, ఇంకా బాగుపడాలి అని. ఆసుపత్రి చీటీలో ‘జనరల్ కండిషన్: ఫెయిర్’ అని రాస్తారు. దాన్ని చూసి ‘పూర్తిగా నయమైపోయింది’ అని ఇంటికి ఫోన్ చేయకూడదు, గాబరా పడనూ కూడదు. మనిషి పరిస్థితి ఓ మాదిరిగా ఉంది, అంతే. మందులు, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ డాక్టరు చెప్పినట్టే పాటించాలి. ఒక్క మాటను తప్పుగా చదివి మందులు మధ్యలో ఆపేస్తే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అయితే లెక్కకో, దూరానికో, మొత్తానికో ముందు వచ్చినప్పుడు ఇదే మాట కాస్త పెద్దదవుతుంది. ‘ఎ ఫెయిర్ డిస్టెన్స్’ అంటే ఓ మోస్తరు దూరం కాదు, బాగానే దూరం. ‘ఎ ఫెయిర్ నంబర్ ఆఫ్ పీపుల్ కేమ్’ అంటే బాగానే జనం వచ్చారని. ఇలాంటి చోట మన ‘బాగానే’ చక్కగా అతుకుతుంది.

ఇక న్యాయం. ‘ఫెయిర్ ప్రైస్ షాప్’ అంటే మన ఇళ్లలో డిపో అనుకునే రేషన్ దుకాణం. తెలుగులో దాన్ని చౌకధరల దుకాణం అంటాం కాబట్టి ‘ఫెయిర్’ అంటే చౌక అనుకునేవాళ్లున్నారు. కాదు. ‘ఫెయిర్ ప్రైస్’ అంటే కొనేవాడికీ అమ్మేవాడికీ అన్యాయం జరగని ధర. రైతు తన పంటకు ‘ఫెయిర్ ప్రైస్’ అడిగితే చౌకధర అడుగుతున్నాడని కాదు కదా.

‘ఫెయిర్’ అంటే సమానం అని కూడా కాదు. సమానానికి ‘ఈక్వల్’ అనే మాట వేరే ఉంది. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చారు. అది ‘ఈక్వల్ షేర్’. ‘ఫెయిర్ షేర్’ అంటే ఎవరికి ఎంత రావాలో అంత. ఇంటిపని ఐదేళ్ల పిల్లకూ, ఇరవై ఏళ్ల అన్నకూ సమానంగా పంచితే అది ‘ఈక్వల్’ అవుతుంది గానీ ‘ఫెయిర్’ కాదు.

కొరాపుట్, రాయగడ జిల్లాల్లో డ్యాములకీ, ఫ్యాక్టరీలకీ భూములు పోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఈ పాఠం చదువుతుంటే ఒక జంటమాట తప్పక నేర్చుకోవాలి: ‘ఫెయిర్ కాంపెన్సేషన్’. 2013 భూసేకరణ చట్టం పేరే ‘రైట్ టు ఫెయిర్ కాంపెన్సేషన్’ అని మొదలవుతుంది. 1894 నాటి పాత చట్టం పేరులో ఆ మాట లేదు. కొత్త చట్టం ప్రకారం భూమికి మార్కెట్ విలువ కడతారు. పల్లెల్లో ఆ విలువను ఒకటి నుంచి రెండు వరకు ఉండే గుణకంతో హెచ్చిస్తారు. చెట్లూ కట్టడాల విలువ కూడా చేర్చాక, మొత్తానికి నూటికి నూరు శాతం సొలేషియం, అంటే భూమి పోయినందుకు ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము, కలుపుతారు. అంటే ఆ చట్టంలో ‘ఫెయిర్’ అనేది మర్యాదకు వేసిన మాట కాదు, దాని వెనక లెక్క ఉంది. నోటీసు చేతికొస్తే ఆ లెక్క చూపించమని అడిగే హక్కు మీకుంది.

వ్యతిరేక పదం ‘అన్‌ఫెయిర్’. పరీక్ష హాల్లో కాపీ కొట్టడాన్ని ‘అన్‌ఫెయిర్ మీన్స్’ అంటారు. పబ్లిక్ పరీక్షల్లో అక్రమాలను ఆపడానికి 2024లో వచ్చిన కేంద్ర చట్టం పేరులోనూ ఇదే జంట ఉంది.

వాతావరణం దగ్గర ‘ఫెయిర్’ అంటే వానాగాలీ లేకపోవడం. గజపతి, రాయగడ కొండల్లో ఉన్నవాళ్లకు ‘ఫెయిర్‌వెదర్ రోడ్’ అంటే వేరే చెప్పక్కర్లేదు: ఎండాకాలంలో జీపు వెళ్తుంది, వాన పడితే వాగు దగ్గర ఆగిపోతుంది. దానికి ఎదురుమాట ‘ఆల్‌వెదర్ రోడ్’. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కాగితాల్లో ఈ రెండో మాట పదేపదే వస్తుంది. మీ ఊరి రోడ్డు గురించి అర్జీ ఇంగ్లీషులో రాయాల్సొస్తే, ‘రోడ్ ఈజ్ బ్యాడ్’ అని ఊరుకోకండి. ‘అవర్స్ ఈజ్ ఓన్లీ ఎ ఫెయిర్‌వెదర్ రోడ్’ అని రాయండి. వానాకాలంలో దారి ఉండదన్న సంగతి ఆ ఒక్క ముక్కలోనే తెలిసిపోతుంది. కష్టం రాగానే కనపడకుండా పోయే స్నేహితుణ్ణి కూడా ‘ఫెయిర్‌వెదర్ ఫ్రెండ్’ అంటారు.

మేనిరంగు సంగతి. ‘ఫెయిర్’కు మొదట్లో ఉన్న అర్థం అందమైనది అని. తర్వాత జుట్టుకూ చర్మానికీ లేతరంగు అనే అర్థం చేరింది. ఆ రెండూ కలిసిపోయి, తెల్లగా ఉంటేనే అందం అన్న ఆలోచన ఈ మాటకు అంటుకుంది. పెళ్లి ప్రకటనల్లో ‘ఫెయిర్ గర్ల్ వాంటెడ్’ అని ఇప్పటికీ చూస్తున్నాం. హిందుస్థాన్ యూనిలీవర్ కంపెనీ 2020లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ పేరును ‘గ్లో అండ్ లవ్లీ’గా మార్చుకుంది. ఈ అర్థం చదివితే తెలియాలి కాబట్టి చెబుతున్నాను. మీరు మాత్రం ఎవరినీ పరిచయం చేసేటప్పుడు వాడకండి. ఒక ఆడపిల్ల గురించి రాయడానికి ఆమె చదువుంది, పని ఉంది, మాటతీరు ఉంది. రంగు ఎందుకు?

ఇక పలకడంలో అచ్చం ఇలాగే ఉండే ఇంకో మాట: ఎఫ్, ఏ, ఆర్, ఈ. అది బస్సు, రైలు ఛార్జీ. పాత ఇంగ్లీషులో ప్రయాణం చేయడం అనే అర్థమున్న మాటలోంచి వచ్చింది. వీడ్కోలుకు వాడే ‘ఫేర్‌వెల్’ కూడా అందులోంచే పుట్టింది. క్షేమంగా వెళ్లిరండి అన్నట్టు. ‘ద ఫేర్ ఫ్రమ్ బరంపూర్ టు పలాస ఈజ్ ఫెయిర్’ అన్న వాక్యాన్ని ఒక్కసారి స్పెల్లింగులతో కాగితం మీద రాసి చూడండి, ఇక మర్చిపోరు. మన మాటకున్న స్పెల్లింగుతోనే ‘సంత, తిరనాళ్ల’ అనే నామవాచకం కూడా ఉంది, కానీ అది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన వేరే మాట. మహేంద్రగిరి శివరాత్రి జాతర గురించి ఇంగ్లీషులో రాస్తే ‘ఫెయిర్’ అంటాం. ముందు ‘ఎ’, ‘ద’ ఉండి తర్వాత ఇంకో నామవాచకం లేకపోతే సాధారణంగా అది జాతరే.

వాడేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్నే. ఎవరి పట్ల న్యాయం అనేదానికి ‘టు’ వాడండి: ‘బి ఫెయిర్ టు హర్’. ఆటలో న్యాయంగా ఆడు అనడానికి ‘ప్లే ఫెయిర్’ అంటారు, అక్కడ ‘లీ’ చేర్చరు. మిగతాచోట్ల చాలావరకు ‘ఫెయిర్లీ’ కావాలి. దానికీ రెండు ముఖాలున్నాయి: ‘హి ట్రీటెడ్ అస్ ఫెయిర్లీ’లో న్యాయంగా, ‘ఫెయిర్లీ ఈజీ’లో ఓ మాదిరిగా. క్రియ తర్వాత వస్తే న్యాయం, విశేషణం ముందు వస్తే మోతాదు. ఎదుటివాళ్ల మాట ఒప్పుకునేటప్పుడు ‘ఫెయిర్ ఇనఫ్’ అనొచ్చు. ‘సరే, మీరన్నదీ నిజమే’ అన్నట్టు. అయితే ఆఫీసులో పెద్దవాళ్లతో అంటే కాస్త చనువుగా వినిపిస్తుంది.

ఇంటిపని. వీటిలో ‘ఫెయిర్’కు ఏ అర్థమో రాయండి: ‘హిజ్ ఇంగ్లీష్ ఈజ్ ఫెయిర్, బట్ హిజ్ ఒడియా ఈజ్ ఎక్సలెంట్.’ ‘ద అంపైర్ వాజ్ ఫెయిర్ టు బోత్ సైడ్స్.’ ‘బ్రింగ్ మి ద ఫెయిర్ కాపీ, నాట్ ద రఫ్ వన్.’ తర్వాత ఈ రెండూ ఇంగ్లీషులోకి మార్చండి, రెండింటిలోనూ ‘ఫెయిర్లీ’ రావాలి: ‘పెద్దన్నయ్య వాటాలు న్యాయంగా పంచాడు.’ ‘లెక్కల పేపరు ఓ మాదిరి సులువుగానే వచ్చింది.’

వచ్చే పాఠంలో ‘రఫ్’.