పొలమారగానే నీళ్ళివ్వకండి: మింగలేని పెద్దవాళ్ళకి అన్నం, మందులు పెట్టడం ఎలా

ఇంట్లో ఎవరికన్నా పొలమారితే మనం ఏం చేస్తాం, మాడు మీద రెండు తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్రా" అని గ్లాసుడు నీళ్ళు చేతిలో పెడతాం. మా నాన్న స్ట్రోక్ వచ్చి ఇంటికొచ్చాక మొదటి మూడు వారాలు మేం చేసింది కూడా అదే. రోజుకి ఐదారుసార్లు ఈయన్ని తలుచుకునేంత మంది చుట్టాలు మాకెక్కడున్నారని అప్పుడన్నా అనుమానం రావాల్సింది, రాలేదు. తర్వాత జ్వరం, ఆయాసం, మళ్ళీ హాస్పిటల్, ఎక్స్‌రే తీస్తే నిమోనియా. తాగిన నీళ్ళు కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయంట. మొదటి డిశ్చార్జ్ కాగితం మీద రాసింది ఒక్కటే ముక్క, సాఫ్ట్ డైట్ అని, ఆ సాఫ్ట్ అంటే ఏంటో చెప్పిన వాళ్ళు లేరు. మీకు ఆ మూడు వారాలు రాకూడదనే ఇదంతా టైప్ చేస్తున్నా.

ముందు ఎవరికి చూపించాలంటే, స్పీచ్ థెరపిస్ట్‌కి. మా అమ్మ "ఆయనకి మాట బానే వస్తోందిగా, స్పీచ్ థెరపీ దేనికి" అంది, అందరూ అదే అనుకుంటారు, కానీ మింగడం చూసేది కూడా వాళ్ళే. అవసరమైతే ముక్కులోంచి సన్న కెమెరా పెట్టి చూస్తారు, లేదా ఎక్స్‌రేలో కనపడే బేరియం అనే మందు కలిపిన తిండి మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు. అది ఎందుకంటే కొంతమందికి ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు కూడా రాదు, దగ్గట్లేదు కాబట్టి బానే ఉన్నారనుకోవడానికి లేదు. తాగాక గొంతు గరగరమని తడిగా వినిపించడం, ఒక పూట భోజనానికి అరగంట దాటిపోవడం, ఊరికే బరువు తగ్గడం, తరచూ జ్వరం, ఇవి చూసుకోండి. గొంతులో కాకుండా ఛాతీ దగ్గర ముద్ద ఆగినట్టు ఉంటే అది వేరే సంగతి, గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరకెళ్ళాలి.

అన్నిటికంటే మాకు వింతగా అనిపించింది నీళ్ళ సంగతి. మనం నీళ్ళు ఈజీ, అన్నం కష్టం అనుకుంటాం, స్ట్రోక్ వచ్చినవాళ్ళలో చాలామందికి రివర్సు. నీళ్ళు పల్చగా సర్రున జారిపోతాయి, గొంతులో మూత పడేలోపే శ్వాసనాళంలోకి దిగిపోతాయి, అదే కొంచెం చిక్కగా ఉంటే మెల్లగా కదులుతుంది, గొంతుకి టైం దొరుకుతుంది. అందుకే థిక్కెనర్ పౌడర్ కలిపి ఇవ్వమంటారు. ఎంత చిక్కగా అన్నది థెరపిస్ట్ చెప్పాలి, మన ఇష్టం కాదు, ఎక్కువ చిక్కనైతే అది గొంతులోనే మిగిలిపోతుంది.

చిక్కదనం కొలవడానికి ఇంట్లో చేసుకునే టెస్ట్ ఉంది, ఐడీడీఎస్‌ఐ అని ప్రపంచమంతా వాడే స్కేల్, 0 నుంచి 7 దాకా. సూది లేని 10 ఎంఎల్ సిరంజి తీసుకోండి (0 గీత నుంచి 10 గీతకి 61.5 మిల్లీమీటర్లు ఉండాలి, అన్ని కంపెనీలవీ ఒకటి కాదు), పిస్టన్ పీకేసి, కింద వేలు అడ్డం పెట్టి 10 దాకా పొయ్యండి, వేలు తీసి సరిగ్గా 10 సెకన్లకి మళ్ళీ మూసెయ్యండి. లోపల 1 నుంచి 4 ఎంఎల్ మిగిలితే లెవెల్ 1, 4 నుంచి 8 అయితే లెవెల్ 2, 8 దాటి 10 లోపు అయితే లెవెల్ 3. మా నాన్నకి లెవెల్ 2 చెప్పారు. మొదట్లో అమ్మ కంటితో చూసి కలిపేది, ఒకరోజు జావలా ఒకరోజు జిగురులా వచ్చేది, సిరంజి మొదలెట్టాక ఆ గొడవ పోయింది.

పౌడర్ ఖరీదని గంజి, కార్న్‌ఫ్లోర్ వాడొచ్చా అని అడుగుతారు. పిండిపదార్థంతో చిక్కబెట్టింది నోట్లో లాలాజలం తగలగానే పల్చబడిపోతుంది, ఎంగిలి చెంచా మళ్ళీ గ్లాసులో ముంచితే గ్లాసు మొత్తం నీళ్ళలా అయిపోతుంది. గ్జాంథన్ గమ్ అనే జిగురుతో చేసిన పౌడర్‌కి ఈ బాధ లేదు, డబ్బా మీద చూసి కొనండి. ఐస్‌క్రీం కూడా గట్టిదే కదా అని పెట్టకండి, నోట్లోకెళ్ళాక అది నీళ్ళే. ఇంకోటి, చిక్కటి నీళ్ళు ఎవరికీ నచ్చవు కాబట్టి తాగడం తగ్గిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, యూరిన్ రంగు ముదిరిందేమో రోజూ చూసుకోవాలి.

కూర్చోబెట్టే పద్ధతి. మంచం మీద పడుకోబెట్టి నోట్లో పొయ్యడం అస్సలొద్దు. కుర్చీలో నిటారుగా, పాదాలు నేలకి ఆనేలా. పెట్టేవాళ్ళు ఎదురుగా ఆయన ఎత్తులోనే కూర్చోవాలి, నిలబడి పెడితే ఆయన తల పైకెత్తుతాడు, తల పైకెత్తితే శ్వాసనాళం తెరుచుకుంటుంది. మనవాళ్ళకి ఎంగిలి పట్టింపు కదా, గ్లాసు పెదాలకి తగలకుండా ఎత్తి పోసుకుంటారు, మా నాన్న 70 ఏళ్ళ అలవాటు అది, మాన్పించడానికి నెల పట్టింది. పేపర్ కప్పుకి ముక్కు వచ్చే చోట అర్ధచంద్రంలా కత్తిరించి ఇచ్చాం, తల ఎత్తక్కర్లేకుండా అడుగు దాకా తాగొచ్చు. గడ్డం ఛాతీకి ఆనించి మింగమని కొందరికి చెప్తారు, అందరికీ పనికిరాదు, మీ థెరపిస్ట్ చెప్తేనే చెయ్యండి. తిన్నాక కనీసం అరగంట కూర్చునే ఉండాలి.

టీవీ ఆపేయండి. టీస్పూన్‌తో సగం చెంచా, గొంతు ముడి పైకి లేచి దిగేదాకా ఆగి, "మింగావా నాన్నా" అని కాదు, ఆయన "ఊఁ" అనేస్తాడు, నోరు తెరిపించి చూడాలి. పక్షవాతం వచ్చిన వైపు బుగ్గలో ముద్ద దాక్కుంటుంది, ఒకసారి రాత్రి తొమ్మిదింటికి పొద్దున్న తిన్న ఇడ్లీ ముక్క బయటపడింది. బలంగా ఉన్న వైపు పెట్టండి.

తిండి విషయానికొస్తే మెత్తని పప్పన్నం నెయ్యితో, మెత్తగా మెదిపిన పెరుగన్నం, అరటిపండు గుజ్జు బాగా నడిచాయి. తాలింపు వద్దు, ఆవాలు, శనగపప్పు, కరివేపాకు అన్నీ గొంతులో అతుక్కునేవే, పప్పు పక్కన తీసి మిగతా ఇంటికి తాలింపు వేసుకోండి. చారన్నం, సాంబారు ఇడ్లీ, పాలల్లో నానిన అటుకులు, ఇవి డేంజర్, నీళ్ళు ఒకవైపు పోతాయి ముక్క ఇంకోవైపు. సున్నుండ అంగిట్లో అంటుకుంటుంది. రాగి సంకటి సంగతి సీమ వాళ్ళకి చెప్పాలి, మనం దాన్ని నమలం, ముద్దని అలాగే మింగుతాం, ఆ అలవాటు ఉన్న పెద్దాయన ముందు పెట్టకండి, బదులు చిక్కటి రాగి జావ. మెత్తగా నలిపి పెట్టమన్నప్పుడు పెద్దవాళ్ళకి ముక్క 4 మిల్లీమీటర్లు మించకూడదు, మామూలు ఫోర్కు పళ్ళ మధ్య సందు దాదాపు అంతే.

ఇక మాత్రలు. మా ఇంట్లో మొదట అన్నీ రోట్లో వేసి కలిపి నూరేశాం, మందుల షాపు అబ్బాయి చూసి ఆపకపోతే అలాగే నడిచేది. మాత్ర పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్, సీఆర్, ఎమ్మార్ ఉంటే అది గంటల తరబడి మెల్లగా కరగాల్సిన మందు, నూరితే రోజంతా పనిచెయ్యాల్సిన డోసు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది, షుగర్, బీపీ మాత్రలతో అది చాలా ప్రమాదం. ఎకోస్ప్రిన్, పాంటోప్రజోల్ లాంటివాటికి పైన పూత ఉంటుంది, నూరితే పూత పోతుంది. ఎముకల కోసం వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ అసలు ఇవ్వాలా వద్దా అని డాక్టర్నే అడగండి, నిండు గ్లాసు నీళ్ళతో నిటారుగా ఉండి వేసుకోవాల్సింది అది, దారిలో ఆగితే అన్నవాహికకి పుండు పడుతుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా దారిలో ఆగితే అంతే.

అందుకని ప్రిస్క్రిప్షన్ మొత్తం తీసుకెళ్ళి "మింగలేరండీ, సిరప్ ఉందా, నీళ్ళలో కరిగే డీటీ ఉందా, నోట్లో కరిగే ఎమ్‌డీ ఉందా, ఏవన్నా ఆపేయొచ్చా" అని ఒక్కొక్కటీ అడగండి. మాకు తొమ్మిది మాత్రలు ఆరయ్యాయి. సిరప్ కూడా పల్చటిదే కాబట్టి ఎంత చిక్కగా ఇవ్వాలో థెరపిస్ట్‌ని అడగాలి. నూరొచ్చు అన్నవి ఒక్కోటీ విడిగా, మెత్తటి పొడిలా, ఒకే ఒక చెంచా అరటిపండు గుజ్జులో కలిపి వెంటనే ఇవ్వండి, గిన్నెడు అన్నంలో కలిపితే సగం తిని లేస్తారు, ఎంత మందు పోయిందో దేవుడికే తెలియాలి. కొన్ని యాంటీబయాటిక్స్‌కి పెరుగు, పాలు పడవు, అది కూడా అడగండి.

మింగడంలో జబ్బేం లేకుండా మాత్రంటే భయం ఉన్నవాళ్ళకి మాత్రం వేరే చిట్కా. తల వెనక్కి విసిరి మింగుతారు చూడండి, క్యాప్సూల్‌కి అది తప్పు, క్యాప్సూల్ నీళ్ళ మీద తేలుతుంది కాబట్టి తల కొంచెం ముందుకి వంచి మింగితే గొంతు వైపు తనే వెళ్తుంది. మాత్రకైతే మెత్తటి ప్లాస్టిక్ బాటిల్ మూతికి పెదాలు బిగించి, బాటిల్ నొక్కుకుపోయేలా నీళ్ళు పీలుస్తూ మింగాలి. 2014లో జర్మనీ హైడెల్‌బర్గ్ వాళ్ళు చేసిన స్టడీలో ఈ రెండూ చాలామందికి పనిచేశాయి. మా నాన్నలాంటి వాళ్ళకి ఇవి పనికిరావు.

నోరు శుభ్రం మర్చిపోకండి. పళ్ళు తోమకపోతే నోట్లో పేరుకున్న క్రిములే లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి పోతాయి, రెండు పూటలా తోమాలి, కట్టుడు పళ్ళు రాత్రి తీసి కడగాలి.

పొలమారితే? దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వండి, ముందుకి వంచండి, నీళ్ళు వద్దు, మాడు తట్టడం వద్దు. దగ్గు, మాట రెండూ రాక, మొహం నీలంగా మారితే ఒకరు వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, ఇంకొకరు ముందుకి వంచి భుజాల మధ్య అరచేతి కింది భాగంతో (మణికట్టు దగ్గరది) ఐదుసార్లు గట్టిగా కొట్టండి, రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకి పైన పిడికిలి పెట్టి లోపలికి పైకి ఐదుసార్లు నొక్కండి, ముక్క వచ్చేదాకా మార్చి మార్చి. స్పృహ తప్పితే పడుకోబెట్టి సీపీఆర్, అంటే ఛాతీ మధ్యలో నొక్కడం.

పెళ్ళిళ్ళకి వెళ్తే థిక్కెనర్ పౌచ్, సిరంజి, కత్తిరించిన కప్పు నా బ్యాగులోనే ఉంటాయి. మొన్న మా పెదనాన్న "వాడికి ఒక్క గుక్క కాఫీ ఇవ్వరా, ఏం పోతుంది" అని గ్లాసు అందించాడు, నేను తీసుకుని పౌడర్ కలిపి ఇచ్చా, నాన్న ఒక చెంచా నోట్లో పెట్టుకుని "కాఫీ హల్వా" అన్నాడు, మిగతాది కూడా మెల్లగా తాగాడు.