ఇంటి గరాజులో పాత ఫోర్డు పికప్‌ను హాట్ రాడ్‌గా కట్టుకునే పద్ధతి

హాట్ రాడ్ పికప్‌ను రెండుసార్లు కట్టుకోవాలి. హాట్ రాడ్ అంటే బరువు తగ్గించి, ఇంజన్ బలం పెంచి మార్చుకున్న పాత బండి. మొదటిసారి రంగు జోలికి పోకుండా, ఒట్టి ఇనుముతోనే ప్రతి భాగాన్నీ దాని చోట బిగించి బండిని రోడ్డెక్కించాలి. ఆ తర్వాత దాన్ని ఆఖరి బోల్టు దాకా విప్పి, నునుపు చేసి, రంగు వేసి మళ్లీ బిగించాలి. నా మొదటి బండికి నేను ఈ క్రమం పాటించలేదు. ఛాసిస్‌కు నిగనిగలాడే నల్ల రంగు వేసిన రెండు వారాలకు, ఎడమవైపు ఎగ్జాస్టు గొట్టం స్టీరింగ్ పెట్టెను ఆనుకుంటోందని బయటపడింది. ఇంజన్ మౌంటింగులను కోసి, అంగుళం కుడికి జరిపి, తిరిగి వెల్డింగు చేయవలసి వచ్చింది. ఆ వేడికి రంగు బొబ్బలెక్కి పెచ్చులుగా లేచిపోయింది. ఒహాయోలోని మా గరాజులో ఆ రంగు గోకుతూ గడిపిన చలికాలం నాకు ఈ క్రమాన్ని నేర్పింది.

ఇక్కడ చెప్పేదంతా 1928 నుంచి 1931 దాకా ఫోర్డు తయారుచేసిన మోడల్ ఎ పికప్ గురించి. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డులను చవకగా కొని, మడ్‌గార్డులతో సహా అక్కరలేని బరువంతా ఊడదీసి, ఇంజన్‌కు బలం పెంచి, మురాక్ వంటి ఎండిన సరస్సుల నేలపై వేగం పరీక్షించుకునేవారు. ఆ పందేలను క్రమంలో నడపడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. బరువు తగ్గించాలి, బలం పెంచాలి అన్న ఆ రెండు సూత్రాల మీదే ఈ పని నేటికీ నడుస్తోంది. క్యాబ్ (డ్రైవరు కూర్చునే గది) చిన్నది, వెనుక తొట్టి చాలావరకు చదునైన రేకులతో చేసినది కనుక ఇంట్లో పనిచేసుకునేవారికి కార్లకంటే పికప్పే అనువైనదని నా అభిప్రాయం. అమెరికాలో సొంత గరాజు ఉన్న తెలుగువారిని తలచుకుని ఇది రాస్తున్నాను. భారతదేశంలో బండిని తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది కాబట్టి, అక్కడ రోడ్డు మీద తిప్పే బండికి ఈ పద్ధతి కుదరదు.

కొనేటప్పుడు ముందుగా చూడవలసింది కాగితాలు. మోడల్ ఎ నంబరు ఛాసిస్ ఎడమ పట్టీ పైభాగాన, క్యాబ్ కింద దాగి ఉంటుంది. టైటిల్‌లో (యాజమాన్య పత్రంలో) ఉన్న అంకెలు దానితో సరిపోలకపోతే రిజిస్ట్రేషన్ దగ్గర చిక్కు తప్పదు. తర్వాత పలుచని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతంతో క్యాబ్ కింది అంచులను, తలుపుల అడుగు భాగాలను తడిమి చూడాలి. ఇనుము దాన్ని గట్టిగా లాక్కుంటుంది, పుట్టీ ఉన్నచోట జారవిడుస్తుంది. నాకు అమ్మిన ఒకాయన క్యాబ్‌లో తుప్పే లేదని గట్టిగా చెప్పాడు. ఎడమ మూలన అయస్కాంతం నిలవకుండా జారిపడింది, గోకితే దాదాపు అర అంగుళం మందాన పుట్టీ ఊడివచ్చింది.

అసలు పని ఛాసిస్‌తో మొదలవుతుంది. దాన్ని నాలుగు స్టాండ్ల మీద మట్టం చూసి నిలబెట్టి, ఇంటి పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూలమట్టం సరిచూసినట్టే, ఎదురెదురు మూలల మధ్య కర్ణాలు రెండూ కొలవాలి. తూకపు గుండును ఒక్కో బోల్టు రంధ్రం నుంచి నేల మీదికి వదిలి, ఆ చుక్కలను సుద్దతో గుర్తుపెట్టి కొలిస్తే వంపులూ మెలికలూ స్పష్టంగా తెలుస్తాయి; రెండు కర్ణాల మధ్య తేడా 1/8 అంగుళం దాటితే ముందు దాన్నే సరిచేయాలి. మోడల్ ఎ పట్టీలు ఒక పక్క తెరిచి ఉంటాయి, 40 హార్స్‌పవర్ నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు తగినంత బలమే వాటికి ఉంది. పెద్ద ఇంజన్ పెట్టేవారు ఆ తెరిచిన పక్కను 3/16 అంగుళం మందం గల ఉక్కు పలకతో మూసి, పెట్టెలా చేయాలి. ఒకే ఊపున వెల్డింగు చేసుకుంటూ పోతే పట్టీ అరటికాయలా వంగుతుంది కనుక, రెండు అంగుళాలు ఒకచోట, రెండు అంగుళాలు అవతలి కొసన, ఎడమ కుడి మారుస్తూ, చల్లారనిస్తూ సాగాలి.

బండి రూపం దాని నిలబాటులో ఉంటుంది, ముందు భాగం కాస్త దిగి, వెనుక కాస్త ఎత్తుగా. దీనికోసం ముందువైపు అసలు ఇరుసు స్థానంలో మధ్యలో కిందికి వంచిన డ్రాప్ యాక్సిల్ వేస్తారు, అడ్డంగా ఉండే కమాను కట్టను మాత్రం అలాగే ఉంచుతారు. ఎత్తు కోసమని కమాను పట్టీలు ఇష్టం వచ్చినట్టు తీసేయకూడదు; పూర్తి బరువు పడ్డాక కమాను చివరి షాకిళ్లు (కమానును ఇరుసుకు కలిపే ఊగే లింకులు) సుమారు 45 డిగ్రీల వాలులో నిలవాలి. కింగ్‌పిన్ (ముందు చక్రం ఎడమకు కుడికి తిరిగే ఇరుసు మేకు) వెనుకకు వాలే కోణం 5 నుంచి 7 డిగ్రీల మధ్య ఉంటే స్టీరింగ్ తనంతట తాను నిటారుకు వస్తుంది, తక్కువైతే గంటకు యాభై మైళ్ల దగ్గర చక్రాలు వణకడం మొదలవుతుంది. టో-ఇన్, అంటే ముందు చక్రాల ముందంచులు వెనుకంచులకంటే దగ్గరగా ఉండే తేడా, 1/16 నుంచి 1/8 అంగుళం చాలు.

ఇంజన్ విషయంలో ఎనిమిది సిలిండర్ల షెవ్రొలే స్మాల్ బ్లాక్‌నే నేను ఎంచుకున్నాను. 1955లో 265 క్యూబిక్ అంగుళాలతో వచ్చిన ఈ ఇంజన్‌లో ఆయిల్ గుంట వెనుకవైపు ఉంటుంది, అందువల్ల ఛాసిస్ ముందు అడ్డపట్టీకి (క్రాస్‌మెంబర్‌కు) తగలదు. తర్వాత వచ్చిన 350 క్యూబిక్ అంగుళాల దానికి విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ కూడా వెనుకే ఉంటుంది కనుక ఇంజన్‌కూ క్యాబ్‌కూ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్‌కు కొంత గుంట చేయక తప్పదు. ఇంజన్‌ను వెనుకకు 3 డిగ్రీలు దించి కూర్చోబెడితే, వెనుక ఇరుసు పినియన్‌ను (డ్రైవ్ షాఫ్ట్ కలిసే పళ్లచక్రాన్ని) అంతే కోణంలో పైకి తిప్పి, ఇంజన్ గీతా పినియన్ గీతా సమాంతరంగా ఉండేలా చూడాలి. లేకపోతే డ్రైవ్ షాఫ్ట్ అదురు సీటు దాకా వస్తుంది.

బ్రేకుల గురించి నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను, ఇంట్లో కట్టిన బండిలో మనుషుల ప్రాణాలు ఆధారపడేది వాటి మీదే. మోడల్ ఎకు వచ్చినవి కడ్డీలతో పనిచేసే బ్రేకులు. ఫోర్డు హైడ్రాలిక్ (ద్రవపు ఒత్తిడితో పనిచేసే) బ్రేకులకు మారింది 1939 మోడళ్లతోనే. కాబట్టి హైడ్రాలిక్ బ్రేకులను మనమే అమర్చుకోవాలి; వాటికి ముందు వెనుక సర్క్యూట్లు విడివిడిగా ఉండే రెండు గదుల మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసే భాగం) తప్పనిసరి. కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేనప్పుడు పెడల్ నిష్పత్తి ఆరుకు ఒకటి దరిదాపుల్లో ఉండాలి. మాస్టర్ సిలిండర్ నేల పలక కింద, చక్రాల బ్రేకులకంటే దిగువన ఉంటే ఆయిల్ వెనక్కి జారిపోయి, తొక్కిన ప్రతిసారీ పెడల్ లోతుకు పోతుంది. దాన్ని ఆపడానికి డిస్కు లైనులో 2 పౌండ్ల, డ్రమ్ము లైనులో 10 పౌండ్ల ఒత్తిడి నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వు వేస్తారు. గొట్టాలు ఉక్కువే కావాలి, చివరలను డబుల్ ఫ్లేర్ చేయాలి, అంటే రెండు మడతలుగా గరాటులా విప్పాలి. రాగి గొట్టం సులభంగా వంగుతుంది గానీ అదురుకు గట్టిపడి చిట్లిపోతుంది, దాన్ని బ్రేకులకు ఎన్నడూ వాడకూడదు. ఇంకో జాగ్రత్త ఉంది: క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుము మీద వెల్డింగు చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆ డబ్బాను వెల్డింగు చేసే గదిలోనే ఉంచవద్దు.

మోడల్ ఎలో పెట్రోలు ట్యాంకు డ్యాష్‌బోర్డు ముందే, మోకాళ్లకు ఎదురుగా ఉంటుంది. దాన్ని తీసేసి, తొట్టి కింద ఛాసిస్ పట్టీల మధ్య కొత్తది బిగించడమే మేలు. 6 వోల్టుల పాత వైరింగును పూర్తిగా పారేసి, ఫ్యూజు పెట్టెతో సహా 12 వోల్టులది కొత్తగా వేసుకోవాలి.

ఇప్పుడు బండిని ఒట్టి ఇనుముతోనే నడపాలి. కనీసం ఐదు వందల మైళ్లు తిరిగితే తప్ప లోపాలు తెలియవు. పక్కన ఒక నోటుపుస్తకం ఉంచుకుని, ఏ వేగంలో ఏ శబ్దం వచ్చింది, ఎండలో రేడియేటర్ ఎంత వేడెక్కింది, ఏ గొట్టం ఎక్కడ ఒరుసుకుంటోంది అన్నీ రాసుకోవాలి. నా పుస్తకంలో ముప్పైకి పైగా పద్దులు చేరాయి, వాటిలో పదకొండు వెల్డింగుతో సరిచేయవలసినవి. రంగు వేసి ఉంటే ఆ పదకొండు చోట్లా మళ్లీ గోకవలసి వచ్చేది.

అన్నీ సరిచేశాక రేకు పని. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక పొడిగా రుద్దేటప్పుడు తగిన మాస్కు వేసుకోవాలి. తుప్పు తిన్న భాగాన్ని మెరిసే ఇనుము కనబడే దాకా కోసేసి, అంతే మందం గల రేకు ముక్కను సందు లేకుండా అమర్చి, అంగుళానికో చుక్క చొప్పున వెల్డు పెట్టాలి. ప్రతి చుక్క తర్వాత చేతి వెనుక భాగాన్ని దగ్గరికి తెచ్చి వేడి తగలకపోతేనే పక్క చుక్కకు వెళ్లాలి. తొందరపడి ఒక్కసారిగా కాల్చితే రేకు ఉబ్బుతుంది, ఆ ఉబ్బును సుత్తితో దించడానికి రెండు రోజులు పడుతుంది. పుట్టీ గోరు మందాన్ని మించనీయకుండా, చెక్క దిమ్మకు చుట్టిన గరుకు కాగితంతో ఐమూలగా రుద్దితే, మెరుపు రంగు వేసినా అలలు కనబడవు.

తిరిగి బిగించేటప్పుడు సస్పెన్షన్‌కు తల మీద ఆరు గీతలున్న గ్రేడ్ 8 బోల్టులే వాడి, టార్క్ రెంచితో బిగించిన ప్రతిదానికీ పసుపు రంగు గీత పెట్టాలి. వంద మైళ్లు నడిచాక ఆ గీతలన్నీ మళ్లీ చూసి, టో-ఇన్ మరోసారి కొలవాలి. తొట్టిలో ఓక్ పలకలు వేసినవారు అవిసె నూనె రెండో పూత అప్పుడు పట్టించవచ్చు. నూనె తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి గరాజులో వదలకూడదు. ఆరేటప్పుడు పుట్టే వేడికి అది తనంతట తానే అంటుకుంటుంది కనుక, బయట తీగ మీద విప్పి ఆరవేయాలి.