ట్రాన్స్ వైద్యానికి ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించడం ఎలా?

ట్రాన్స్ స్నేహితులు తమ జెండర్‌కు తగ్గట్టుగా చేయించుకునే సర్జరీల ఖర్చు కోసం ఇలాంటి విరాళాల పేజీలు చాలానే నడిపాను. ఏ ఫోటో పెట్టాలి, టైటిల్ ఏం రాయాలి అని రోజుల తరబడి తర్జనభర్జన పడేవాళ్లే, అసలు జాగ్రత్తపడాల్సిన పేరు దగ్గర మాత్రం చూసుకోకుండా పబ్లిష్ నొక్కేస్తారు.

ముందు లెక్క. ఆసుపత్రి నుంచి ఎస్టిమేట్ కాగితం మీద తీసుకోండి. సర్జన్ ఫీజుతో పాటు మత్తుమందు, గది, సర్జరీకి అడిగే మానసిక నిపుణుల లెటర్లు, ప్రయాణం, కోలుకునే వారాల్లో పోయే జీతం, సైట్ పట్టుకునే ఫీజు అన్నీ కలపండి. ఇన్సూరెన్స్ ఉంటే అది ఎంతవరకు ఇస్తుందో ముందే అడగండి. ఆదాయం చూసి ఇచ్చే ప్రభుత్వ సాయం అందుతుంటే, ఈ విరాళాలు ఆదాయంలోకి వస్తాయేమో కూడా కనుక్కోండి.

మొత్తం ఒకేసారి అడగొద్దు. విరాళాలు సేకరించే సైట్ గోఫండ్‌మీలో ట్రాన్స్ వైద్యం కోసం పెట్టిన పేజీలపై 2019లో ఒక పరిశోధన వచ్చింది, వాటిలో ఎక్కువ శాతం లక్ష్యానికి చాలా దూరంలోనే ఆగిపోయాయి. అందుకే మొదట ఆసుపత్రికి ముందుగా కట్టే డిపాజిట్‌కే అడగండి, అది నిండాక లక్ష్యం పెంచండి. సగం కూడా నిండని పేజీని చూస్తే ఇచ్చేవాళ్లకీ చెయ్యి రాదు. లక్ష్యం చేరకపోయినా వచ్చినంత చేతికిచ్చే సైట్‌నే ఎంచుకోండి. కొత్త ఉత్పత్తులు, కళా ప్రాజెక్టుల కోసం డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్‌లో వైద్యానికి అడగడానికే వీల్లేదు.

ఇక పేరు. డబ్బు తీసుకోవాలంటే బ్యాంకు ఖాతాలో, గుర్తింపు కార్డులో ఉన్న పేరే సైట్‌కి ఇవ్వాలి. కార్డులు ఇంకా మార్చుకోనివాళ్లకు అది పుట్టినప్పుడు పెట్టిన పాత పేరే. అకౌంట్ తెరిచేటప్పుడు టైప్ చేసిన ఆ పేరే చాలాసార్లు పేజీ మీద 'నిర్వాహకులు' అని అందరికీ కనిపిస్తుంది. మొదట రాసిన టైటిల్‌లోని పేరు లింక్‌లో ఉండిపోవచ్చు, టైటిల్ మార్చినా లింక్ మారకపోవచ్చు. నమ్మకం కోసమని పెట్టిన ఎస్టిమేట్ ఫోటోలో పై మూలన పేషెంట్ పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు చక్కగా చదవడానికి వీలుగా ఉంటాయి. వాటిని పెన్నుతో గీస్తే చాలదు, ఆ భాగాన్నే కత్తిరించండి.

ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లకు, ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోయేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పేజీ తీసేసినా ఎవరో తీసిన స్క్రీన్‌షాట్ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి బాగా నమ్మకమున్న స్నేహితుల పేరు మీదే పేజీ తెరిపించండి, సొంతంగా తెరవడం కంటే ఇదే మంచిది, తిట్లతో వచ్చే మెసేజ్‌లు కూడా వాళ్లే చూసుకుంటారు. డబ్బు మీ ఖాతాకే నేరుగా వచ్చేలా చేసుకునే వీలుంటే, అప్పుడు మీ పేరు బయటికి ఎలా కనిపిస్తుందో చూడండి. ఎవరికీ పంపకముందే లాగౌట్ అయి, వేరే ఫోన్‌లో లింక్ తెరిచి, పై నుంచి కింది దాకా చదవండి. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని ప్రివ్యూలో ఏ పేరొస్తుందో కూడా చూడండి.

కథ పది వాక్యాల్లో ముగించండి. ఏ సర్జరీ, ఎప్పుడు, ఎంత, అంతే. చిన్నప్పటి బాధలన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు, శరీరం ఫోటోలు అసలే వద్దు. మొదటి విరాళాలు దగ్గరివాళ్లతో వేయించాకే లింక్ బయటపెట్టండి. తేదీ వాయిదా పడితే అదే రోజు పేజీలో రాయండి.