చెరకు వేరుపురుగుకు రోగం వెతకడం – 4వ పాఠం: చంపిన బూజు, చచ్చాక పట్టిన బూజు

చెరకు వేళ్లు తినే వేరుపురుగును (ఇది పెంకుపురుగు పిల్ల) చంపే రోగాన్ని మట్టిలో వెతుకుతున్నాం. గత పాఠంలో చెరకు దుబ్బు కింది మట్టి తెచ్చి, అందులో మైనపు పురుగులను (తేనెపట్టు మైనం తినే గొంగళ్లను) ఎరగా వదిలాం. ఆ డబ్బాల ఫొటోలు చాలామంది పంపారు. ఈసారి అగార్ పళ్లేలు (బూజును పెంచే జెల్లీ పళ్లేలు) పోయడం చెప్పాలనుకున్నాను కానీ ఫొటోలు చూశాక ఆ పాఠాన్ని వెనక్కి జరిపాను. దేన్ని పెంచాలో తేలకముందే పళ్లెం పోయడం నేర్చుకుంటే చెత్త బూజును శ్రద్ధగా పెంచుకుంటూ కూర్చుంటాం. ఎక్కువ ఫొటోల కింద ఒకటే మాట ఉంది: "పచ్చ బూజు వచ్చింది, మెటారైజియం దొరికేసింది." మెటారైజియం అంటే పురుగులను పట్టి చంపే ఒక శిలీంద్రం. పచ్చ బూజు వచ్చిన మాట నిజమే. అది మెటారైజియం అని మాత్రం ఆ ఫొటోలు చెప్పడం లేదు.

ముందు చిన్న ఇబ్బందులు చూద్దాం.

పురుగులన్నీ నల్లబడి, మెత్తబడి, కంపు కొడుతున్నాయంటే మట్టిలో నీరు ఎక్కువైంది. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి, చేతికి తడి అంటకూడదు. అంతకు మించి తడి ఉంటే మామూలు బ్యాక్టీరియా గెలుస్తుంది, మనం వెతికేది ఓడిపోతుంది.

ఒక్కటీ చావలేదంటే డబ్బాను కదపకుండా వదిలేసి ఉంటారు. మైనపు పురుగు ఒక మూలకు చేరి గూడు అల్లుకుని కూర్చుంటుంది, మట్టిలో తిరగదు. మొదటి వారం రోజూ డబ్బా తలకిందులు చేయాలి. అన్నీ సరిగ్గా చేసినా చావకపోతే ఆ మట్టిలో ఏమీ దొరకలేదనే అర్థం. అదీ ఫలితమే, రాసి పెట్టుకోండి.

ఒక్క రోజులోనే అన్నీ గిలగిలా కొట్టుకుని చచ్చాయని రాసినవాళ్లకు వేరే పని ఉంది. అది రోగం వేగం కాదు, పురుగుమందు అవశేషం కావచ్చు. తేల్చుకోవడానికి నేను వాడే దగ్గరిదారి ఒకటుంది. అదే మట్టిలో సగం తీసి ప్రెషర్ కుక్కర్‌లో బాగా ఉడికించి, చల్లార్చి, అందులో కొత్త పురుగులను వదలండి. ఉడికిన మట్టిలో నులిపురుగులూ (పురుగుల్లోకి దూరి చంపే కంటికి ఆనని సన్న పురుగులు, నెమటోడ్లు) శిలీంద్రాలూ బతకవు. అందులోనూ అదే తీరుగా చచ్చాయంటే చంపింది ప్రాణి కాదు, మందు. ఆ చేను వదిలి వేరే చేనుకు వెళ్లండి. మందు పడని పాత కార్శి తోట (కోసిన దుబ్బుల నుంచే మళ్లీ పెరిగినది) దొరికితే అన్నిటికన్నా మంచిది. వేరుపురుగు ఏళ్ల తరబడి ఉన్నచోట దాని రోగాలు కూడా పోగుపడతాయి. దున్ని కొత్తగా నాటిన మొక్క తోటలో ఆ అవకాశం తక్కువ.

ఇక అసలు సంగతికి వద్దాం.

చచ్చిన పురుగు మీద కనిపించే బూజంతా చంపిన బూజు కాదు. ఈ ఒక్క పొరపాటు వల్ల నెలల పని వృథా అవుతుంది. ఎందుకూ పనికిరాని బూజును పెంచి, చేనులో చల్లి, "జీవ నియంత్రణ పనిచేయదు" అని తేల్చేసేవాళ్లు ఉన్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ తీర్పే. పనిచేయనిది పద్ధతి కాదు, వెతికేటప్పుడు అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఇల్లు కాలుతున్నచోట గుంపులో ముందు నిలబడ్డవాడే నిప్పు పెట్టాడని ఎలా అంటాం? మట్టిలో కుళ్లును తిని బతికే శిలీంద్రాలు లెక్కలేనన్ని. పురుగు ఏ కారణంతో చచ్చినా ముందుగా చేరేవి అవే, త్వరగా పెరిగేవీ అవే.

అందుకే మొదట చూడాల్సింది రంగు కాదు, వరస. పురుగు ఎప్పుడు చచ్చింది, చచ్చినప్పుడు ఒళ్లు ఎలా ఉంది, బూజు ఎన్నాళ్లకు వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది?

పురుగును చంపే శిలీంద్రం తీరు ఇలా ఉంటుంది. దాని సిద్ధబీజం చర్మానికి అతుక్కుని, మొలకెత్తి, చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. బతికున్న పురుగు మీద అక్కడక్కడ గోధుమ రంగు మచ్చలు కనిపిస్తే, అది శిలీంద్రం చొరబడుతున్న చోటు కావచ్చు. లోపల రక్తంలో పెరిగి పురుగును చంపుతుంది. మైనపు పురుగైతే ఎక్కువగా నాలుగు నుంచి ఏడు రోజుల్లో, కొన్నిసార్లు రెండు వారాలకు చస్తుంది. చచ్చేసరికి ఒంటినిండా శిలీంద్రమే కాబట్టి శవం మెత్తబడదు. గట్టిపడి, ఎండి, కంపు లేకుండా ఉంటుంది. ఆ తర్వాతే చర్మపు కీళ్ల దగ్గర తెల్లటి నూగు బయటికి వస్తుంది. మెటారైజియం అయితే ఆ తెలుపు కొన్ని రోజులకు పచ్చబడుతుంది. ఇలాంటిదే మరో శిలీంద్రం బ్యూవేరియా అయితే తెల్లగానే, సుద్దపొడి చల్లినట్టు ఉండిపోతుంది. లోపలి శవం ఒక్కోసారి ఎర్రబారుతుంది.

కుళ్లు బూజు వరస దీనికి తలకిందులు. ముందు ఒళ్లు నల్లబడి మెత్తబడుతుంది. ఒకటి రెండు రోజుల్లో పొడవాటి వెంట్రుకల్లాంటి బూజు, వాటి కొసన నల్ల చుక్కలు వస్తాయి. పక్కనున్న తడి కాగితం మీదా, మట్టిగడ్డ మీదా అదే బూజు పెరుగుతుంది. కాగితం మీద కూడా హాయిగా పెరిగేదాన్ని చూస్తే మొదట అనుమానించండి.

పచ్చ రంగుల విషయానికొస్తే, పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం చాలు. మైక్రోస్కోప్ లేదని ఆగిపోవద్దు. నేను మొదటి ఏరివేత అంతా భూతద్దంతోనే చేస్తాను.

మెటారైజియం పచ్చదనం ముదురుగా, పాచి రంగులో ఉంటుంది. సిద్ధబీజాలు ఒకదానిమీద ఒకటి గొలుసులుగా పేరుకుని, గొలుసులు పక్కపక్కన అతుక్కుని పెచ్చు కడతాయి. సూదితో గీకితే పొడి లేవదు, పెచ్చు ముక్కలుగా విరుగుతుంది. నేను నమ్మే మొదటి గుర్తు ఇదే. పెనిసిలియం నీలం కలిసిన పచ్చ, ముఖమల్‌లా ఉండి, తాకితే దుమ్ములా లేస్తుంది. ట్రైకోడెర్మా దూదిలా పరుచుకుని మచ్చలు మచ్చలుగా పచ్చబడుతుంది, పురుగు దగ్గర ఆగకుండా డబ్బా అంతా పాకుతుంది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ పసుపు కలిసిన పచ్చ. భూతద్దంలో చూస్తే కాడ కొసన గుండ్రటి తలలు, గుండుసూదులు గుచ్చినట్టు కనిపిస్తాయి.

ఈ చివరిదాని గురించి ఇంకాస్త చెప్పాలి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ నీరసించిన పురుగును నిజంగానే చంపగలదు. అంటే కింద చెప్పబోయే పరీక్షలో కూడా అది పాస్ కావచ్చు. అయినా మనకు వద్దు. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసే జాతి, మనుషుల ఊపిరితిత్తులకూ హాని చేయగలదు. పసుపు కలిసిన పచ్చ గుండుసూదులు కనిపించాయా, మూత తీయకండి, వాసన చూడకండి. డబ్బాను అలాగే కుక్కర్‌లో పెట్టి ఉడికించి పారేయండి. "ఇదీ చంపుతోంది కదా" అని దాచుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

రంగు, వరస చూసి ఏరిన తర్వాత కూడా మనకు దొరికింది అనుమానితుడే. ఇప్పుడు శవానికి స్నానం చేయించాలి. బూజు ఇంకా బయటికి రాని, కొత్తగా చచ్చిన గట్టి శవాన్ని ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో రెండు నిమిషాలు ఉంచి, మరిగించి చల్లార్చిన నీటిలో మూడుసార్లు కడగండి. ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం డబ్బా మీద ఐదు శాతం అని ఉంటే, ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపితే సరిపోతుంది. బ్లీచ్‌లో ఇంకే క్లీనరూ కలపకండి. కడిగిన శవాన్ని తడి వడపోత కాగితం ఉన్న మూత గిన్నెలో, 25 నుంచి 28 డిగ్రీల దగ్గర ఉంచండి. పైన అంటుకున్న బూజు బ్లీచ్‌కు పోతుంది. లోపల ఉన్నది మళ్లీ బయటికి వస్తుంది. నిజంగా చంపినదాన్ని పట్టుకోవడానికి ఇంత చవకైన పరీక్ష ఇంకోటి లేదు. గత పాఠం చేసినవాళ్లు దాదాపు అందరూ బూజు కనిపించేదాకా చూస్తూ కూర్చున్నారు. బూజు పూర్తిగా కప్పేశాక స్నానం చేయిస్తే చెప్పేది తగ్గిపోతుంది. రోజూ డబ్బా చూసి, చచ్చినదాన్ని చచ్చిన రోజే తీయాలి.

మిగిలిన మెట్టు, ఆ బూజును ఆరోగ్యమైన పురుగులకు అంటించి, అవి అదే తీరులో చచ్చి, వాటిలోంచి అదే బూజు మళ్లీ రావడం. ఇటలీలో అగోస్టినో బాస్సీ పట్టుపురుగుల తెల్ల రోగం శిలీంద్రం వల్లే వస్తుందని 1835లో చూపించింది, చచ్చిన పురుగు నుంచి బతికున్న పురుగుకు రోగాన్ని అంటించే. బ్యూవేరియా బాస్సియానాకు ఆయన పేరే పెట్టారు. 1879లో రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్ ఒడెస్సా దగ్గర గోధుమ పంటను పాడుచేసే పెంకుపురుగు మీద మెటారైజియంను గుర్తించాడు. ఆ పెంకుపురుగూ మన వేరుపురుగూ ఒకే కుటుంబం. అంటే మనం వెతికేది కొత్త వింత కాదు, ఈ కుటుంబంతో దానిది పాత వైరం.

నులిపురుగుల గురించి క్లుప్తంగా. మైనపు పురుగు రెండు మూడు రోజుల్లోనే చచ్చి, కంపు లేకుండా, ఇటుక ఎరుపుకు తిరిగితే అది హెటెరోరాబ్డిటిస్. లేత గోధుమ రంగుకు తిరిగితే స్టైనర్‌నీమా కావచ్చు. ఎరుపు రంగు నులిపురుగుది కాదు, అది లోపలికి మోసుకుపోయే ఫోటోరాబ్డస్ బ్యాక్టీరియాది. ఆ బ్యాక్టీరియా మిగతా కుళ్లును రానివ్వదు, అందుకే కంపు ఉండదు. ఎర్ర శవాలను బ్లీచ్‌లో వేయకండి, విడిగా దాచండి. వాటికి వేరే పాఠం ఉంది. హెటెరోరాబ్డిటిస్ ఇండికాను 1992లో కోయంబత్తూరు చెరకు నుంచి వర్ణించారు. చెరకు మట్టిలో వెతికేవాళ్లకు అది ధైర్యమిచ్చే విషయం.

చేలో తవ్వినప్పుడే వేరుపురుగు పాలిపోయి, తెల్లగా మసకబారి కనిపిస్తే కాలు కొస తుంచి చూడండి. రక్తం తేటగా కాకుండా పాలలా కారితే పాల రోగం, అంటే పేనీబాసిల్లస్ పొపిల్లియే లాంటి బ్యాక్టీరియా కావచ్చు. కానీ అది కృత్రిమ ఆహారం మీద సిద్ధబీజాలను సరిగ్గా ఇవ్వదు, బతికున్న పురుగుల్లోనే పెంచాలి. ఇంట్లో నేర్చుకునేవాళ్లకు నేను దాన్ని సిఫారసు చేయను.

చివరి పరీక్ష మైనపు పురుగు మీద కాదు, వేరుపురుగు మీదే జరగాలి. మైనపు పురుగు చాలా సుకుమారం, దాన్ని చంపేవి చాలా ఉంటాయి. వేరుపురుగు తరతరాలుగా మట్టిలో ఈ శిలీంద్రాల మధ్యే బతుకుతోంది, అంత తేలిగ్గా లొంగదు. రీయూనియన్ దీవి చెరకులో హోప్లోకెలస్ మార్జినాలిస్ అనే వేరుపురుగు విరుచుకుపడినప్పుడు పనికొచ్చింది ఏదో ఒక బ్యూవేరియా కాదు. ఆ పురుగు వచ్చిన మడగాస్కర్‌లో దాన్నే పట్టి పీడించే బ్యూవేరియా, అప్పట్లో బ్రాంగ్నియార్టీ అని పిలిచినది, ఇప్పుడు బ్యూవేరియా హోప్లోకెలి అంటున్నారు. ఆస్ట్రేలియాలో గ్రేబ్యాక్ వేరుపురుగు మీదకు బియ్యపు గింజలపై పెంచి వాడిన మెటారైజియం కూడా ఆ పురుగు మీద పరీక్షించి ఏరినదే. అందుకే చేలో తవ్వినప్పుడు బూజుపట్టి గట్టిపడ్డ వేరుపురుగు ఒక్కటి దొరికినా, నాకు అది డబ్బాడు మైనపు పురుగుల కన్నా విలువైనది.

అభ్యాసం. ఇది కష్టమైనదే, తొందరపడకండి.

ముప్పై వేరుపురుగులు తవ్వి తెచ్చుకోండి. ఒక్కోదాన్ని విడి డబ్బాలో, ఉడికించి చల్లార్చిన మట్టిలో, క్యారెట్ ముక్కతో ఉంచండి. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, ఆ గాయాలకే చస్తాయి. మూడు వారాలు ఏమీ అంటించకుండా చూడండి. చేలోనే రోగం తెచ్చుకున్నవి ఈలోపు బయటపడతాయి. అలా చచ్చినవాటిని చచ్చిన రోజే బ్లీచ్ స్నానం చేయించి తడి గిన్నెలో పెట్టండి, పారేయకండి. మీకు కావలసిన శిలీంద్రం అక్కడే దొరకవచ్చు. మూడు వారాలు దాటి బతికినవాటిని రెండు జట్లుగా చేయండి. ఒక జట్టుకు స్నానం తర్వాత శవంలోంచి వచ్చిన బూజును మెత్తటి కుంచెతో పూయండి. రెండో జట్టుకు ఏమీ లేని కుంచెతో అదే పని చేయండి. రెండో జట్టు లేకపోతే మొదటి జట్టు చావులకు అర్థం లేదు. పెద్ద పురుగులు చావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, పదో రోజుకే తేల్చేయవద్దు.

ప్రతి మూత మీద నాలుగు తేదీలకు చోటు వదలండి: తెచ్చినది, పూసినది, చచ్చినది, బూజు కనిపించినది. బూజు పట్టి గట్టిపడ్డ మొదటి శవాన్ని సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని సీసాలో వేసి, తిండి పెట్టని ఫ్రిజ్‌లో దాచండి. అగార్ మీద పదేపదే మార్చిన శిలీంద్రం చంపే శక్తిని పోగొట్టుకుంటుంది, అప్పుడు తిరిగి వెళ్లాల్సింది ఆ శవం దగ్గరికే. ఈసారి ఫొటోతో పాటు మూత మీది నాలుగు తేదీలూ పంపండి. తేదీలు లేని పచ్చ బూజు మీద నేను అభిప్రాయం చెప్పను.